పిట్టల వేటకు ఏ చోక్? 12 బోర్ ఐదు ట్యూబుల సెట్ రివ్యూ

కొత్త 12 బోర్ షాట్‌గన్ కొంటే పెట్టెలో సాధారణంగా ఐదు చోక్ ట్యూబులు, వాటిని తిప్పే రెంచ్ ఒకటి ఉంటాయి. సిలిండర్, ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, ఫుల్. ఈ రివ్యూ ఆ సెట్ గురించి, దానికి తోడుగా విడిగా అమ్మే పొడవాటి ట్యూబుల గురించి. మా తీర్పు ముందే చెప్పేస్తాం. పిట్టల వేటలో దాదాపు పనంతా ఇంప్రూవ్డ్ సిలిండర్ (ఇకపై ఐసీ), మాడిఫైడ్, ఈ రెండే చూసుకుంటాయి. దట్టమైన పొదల్లో వేటాడేవాళ్లకు సిలిండర్ పనికొస్తుంది. మిగతా రెండూ ఎక్కువమంది దగ్గర పెట్టెలోనే ఉండాలి, కానీ ఉండవు. కొత్తగా వేటలోకి వచ్చినవాళ్లు ఫుల్ బిగిస్తే తుపాకీకి బలం పెరుగుతుందనుకుని దాన్నే బిగిస్తారు.

బలం పెరగదు. చోక్ అంటే గొట్టం మూతి దగ్గర కాస్త ఇరుకు, అంతే. 12 బోర్ గొట్టం లోపలి వ్యాసం ప్రామాణికంగా 0.729 అంగుళాలు, అంటే 18.5 మిల్లీమీటర్లు. ఆ వ్యాసం మూతి దగ్గర ఎంత తగ్గిందో దాన్ని థౌలలో లెక్కిస్తారు. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సిలిండర్‌లో ఇరుకు సున్నా, ఐసీలో 10 థౌలు, మాడిఫైడ్‌లో 20, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్‌లో 30కి కాస్త అటూ ఇటూ, ఫుల్‌లో 35 నుంచి 40. మొత్తం తేడా ఒక్క మిల్లీమీటరే. దీనివల్ల తూటాలోని పెల్లెట్ల, అంటే చిన్న గుండ్ల, వేగం చెప్పుకోదగ్గంత మారదు, ఒక్కో పెల్లెట్ దెబ్బలోనూ తేడా రాదు. మారేది ఒక్కటే: గుంపు ఎంత దూరందాకా చెదరకుండా వెళ్తుందన్నది.

పాత లెక్క ప్రకారం 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తంలో పడే పెల్లెట్ల శాతాన్ని బట్టి చోక్‌కు పేరు పెడతారు. సిలిండర్‌కు 40, ఐసీకి 50, మాడిఫైడ్‌కు 60, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్‌కు 65, ఫుల్‌కు 70 శాతం. ఈ శాతాలను పిట్ట ఒంటి మీదికి తెచ్చుకుంటేనే వాటి అర్థం తెలుస్తుంది. 6 నంబరు సీసం ఔన్సుకు 225 పెల్లెట్లు తూగుతుంది (నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నది). ఒకటీ ఒకటి బై ఎనిమిది ఔన్సుల తూటాలో 253 ఉంటాయి. పిట్టలో దెబ్బ తగలాల్సిన చోటును 5 అంగుళాల వృత్తం అనుకుందాం. 30 అంగుళాల వృత్తంలో అలాంటి వృత్తాల విస్తీర్ణం 36 పడుతుంది. ఐసీతో 126 పెల్లెట్లు పడ్డాయంటే ఒక్కో చోటుకు సగటున మూడున్నర. మాడిఫైడ్‌తో 4.2, ఫుల్‌తో 4.9. పెల్లెట్లు సమానంగా పంచుకుని పడవు కాబట్టి, సగటు మూడున్నర ఉన్నప్పుడు ఆ 36 చోట్లలో నాలుగైదింటిలో ఒక్కటే పడుతుంది, లేదా అసలు పడదు. మాడిఫైడ్‌లో అలాంటి ఖాళీలు మూడుకు తగ్గుతాయి. నిజం ప్యాటర్న్‌లో, అంటే పెల్లెట్లు పడే తీరులో, నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా పడుతుంది కనుక ఆ ఖాళీలు అంచులకే చేరతాయి. 40 గజాల్లో మాడిఫైడ్ ఎందుకు కావాలో, అదే దూరంలో ఐసీతో పిట్ట గాయపడి ఎందుకు ఎగిరిపోతుందో ఈ లెక్కే చెబుతుంది.

ఇప్పుడు దగ్గరికి రండి. 20 గజాల్లో ఫుల్ చోక్ గుంపు వెడల్పు సుమారు 16 అంగుళాలు, సిలిండర్‌ది దాదాపు దానికి రెండింతలు. ఆ 16 అంగుళాల్లో 253 పెల్లెట్లు దూరితే 5 అంగుళాల చోట 20కి పైగా పడతాయి. గురి కుదిరితే మాంసం పనికిరాదు. గురి ఒక జానెడు తప్పితే పిట్టకు ఏమీ తగలదు. కాలి కిందినుంచి లేచే పూరేడు, పొదలోంచి విదిల్చుకుని పోయే కౌజు సాధారణంగా 15 నుంచి 25 గజాల మధ్యే తూటాకు అందుతాయి. అక్కడ ఫుల్ వాడితే నష్టం రెండు వైపులా.

ట్యూబుల వారీగా మా అనుభవం ఇది. సిలిండర్: చిక్కటి చెట్ల మధ్య 20 గజాల లోపు పనికి చాలా మంచిది. 25 దాటాక దాని ప్యాటర్న్‌లో చిల్లులు త్వరగా పెరుగుతాయి కాబట్టి మైదానంలో నమ్మలేం. కొన్ని సెట్లలో దీని బదులు స్కీట్ ట్యూబ్ ఇస్తారు, 5 థౌల ఇరుకు. ఎంచుకునే వీలుంటే స్కీటే తీసుకోండి, అది చూపే ప్యాటర్న్ మరింత సమంగా ఉంటుంది.

ఐసీ ఈ సెట్‌లో అసలైన పనిమంతురాలు. పూరేళ్లు, కౌజులు, సీజన్ మొదట్లో కుక్క ముందునుంచి లేచే ఫెజెంట్ (అడవికోడి జాతి పక్షి), వాలబోతున్న గువ్వలు, అన్నిటికీ 20 నుంచి 32 గజాల దాకా నిశ్చింతగా వాడొచ్చు. చిన్న పిట్టకు 8 నంబరు వాడితే ఔన్సుకే 410 పెల్లెట్లుంటాయి. సగమే వృత్తంలో పడ్డా 205. పిట్ట చిన్నదైతే పెల్లెట్ల సంఖ్య పెంచాలి, చోక్ బిగువు కాదు. ఈ తేడా పట్టుబడితే చోక్ విషయంలో సగం తికమక తీరినట్టే.

మాడిఫైడ్ 30 నుంచి 40 గజాలకు. గాలికి ఎత్తుగా వెళ్లే పావురాలు, సీజన్ చివర్లో బెదిరి దూరంగా లేచే ఫెజెంట్, నీటిమీద ఎరగా ఉంచిన కొయ్య బాతుల దగ్గరికి దిగే అడవి బాతులు. ఒకే ట్యూబుతో రోజంతా తిరగాల్సి వస్తే, ఏ పిట్ట లేస్తుందో తెలియకపోతే, మేము సీసం తూటాకు మాడిఫైడ్ కంటే ఐసీ వైపే మొగ్గుతాం. ఎందుకంటే 40 గజాల్లో వచ్చే అవకాశాన్ని వదిలేయడం తేలిక, 18 గజాల్లో వచ్చిన పిట్టకు గుంపు వెడల్పు చేయడం కుదరదు.

ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, ఫుల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సీసంతో 40 గజాల పైన, ఎత్తులో వెళ్లే పక్షుల మీద నిలకడగా గురిపెట్టగలిగినవాళ్లకు మాత్రమే అవి లాభం. టర్కీ కోడి వేట వేరే సంగతి. అక్కడ నేలమీద నిలబడ్డ పక్షి తలకు, మెడకు గురిపెడతారు. దానికి ఫుల్ కంటే బిగువైన ప్రత్యేక ట్యూబులు ఉన్నాయి. ఎగిరే పిట్ట మీద వాటిని వాడకూడదు.

రెండు గొట్టాల తుపాకీ ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. లేచి దూరమయ్యే పిట్టలకు మొదటి గొట్టంలో ఐసీ, రెండోదానిలో మాడిఫైడ్ బిగించాలి. మనవైపే వచ్చే పిట్టలకు దీన్ని తిరగేయాలి, ఎందుకంటే అక్కడ మొదటి తూటాకే పిట్ట దూరంలో ఉంటుంది. సింగిల్ ట్రిగ్గర్ ఉంటే ఏ గొట్టం ముందు పేలాలో ఎంచుకునే మీటను ముందే సరిచూసుకోండి.

పేరు చూసి నమ్మకూడనిది తూటా వల్ల

ట్యూబు మీద రాసిన పేరు సగం నిజం. మిగతా సగం తూటాలో ఉంటుంది. ఆ పాత శాతాలు ఫైబర్ వాడ్ కాలంనాటివి. వాడ్ అంటే తూటాలో మందుకూ పెల్లెట్లకూ మధ్య ఉండే బిరడా. ఇప్పటి ప్లాస్టిక్ కప్పు వాడ్ పెల్లెట్లను గొట్టం గోడకు రాసుకోకుండా మోసుకెళ్తుంది, అందువల్ల అదే ట్యూబు చాలాసార్లు ఒక మెట్టు బిగువుగా పడుతుంది. యాంటిమొనీ కలిపిన గట్టి సీసం గుండ్రంగా ఉండి నేరుగా పోతుంది. మెత్తటి సీసం పేలుడు ఒత్తిడికి చప్పిడి పడి పక్కలకు జారిపోతుంది. చవక తూటాతో ఫుల్ బిగించి మాడిఫైడ్ ప్యాటర్న్ రాబట్టుకునేవాళ్లు ఉన్నారు. మంచి తూటాకు మాడిఫైడ్ బిగిస్తే అదే వస్తుంది, పైగా ప్యాటర్న్ సమంగా ఉంటుంది.

స్టీల్ తూటా విషయం మరీ ముఖ్యం. అమెరికాలో నీటిపక్షుల వేటకు 1991 నుంచి దేశమంతా విషరహిత తూటాలే వాడాలి. ఐరోపా సమాఖ్యలో చిత్తడి నేలల్లో, వాటికి 100 మీటర్ల లోపు సీసం తూటాకు 2023 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది. స్టీల్ పెల్లెట్ చితకదు కాబట్టి బిగువుగా వెళ్తుంది. ఐసీ ట్యూబు సీసంతో మాడిఫైడ్ చూపించినంత చూపుతుంది, మాడిఫైడ్ ఫుల్‌కు దగ్గరగా పోతుంది. స్టీల్‌తో బాతులకు ఐసీ గానీ మాడిఫైడ్ గానీ చాలని చెప్పడానికి కారణం ఇదే. స్టీల్ సీసం కంటే తేలిక కాబట్టి పెల్లెట్ సైజు రెండు నంబర్లు పెద్దది తీసుకోవాలి. 6 నంబరు సీసం స్థానంలో 4 నంబరు స్టీల్, అది ఔన్సుకు 192.

చితకని పెల్లెట్లను ఇరుకైన ట్యూబులోకి తోస్తే ట్యూబే ఉబ్బుతుంది. ముందు అది గొట్టంలో ఇరుక్కుని రాదు, తర్వాత గొట్టం మూతి దగ్గర ఉంగరంలా ఉబ్బు కనిపిస్తుంది. యూరప్ ప్రూఫ్ (తుపాకీ పరీక్ష) నియమాల ప్రకారం 4 మిల్లీమీటర్లు దాటిన స్టీల్ పెల్లెట్లను అర మిల్లీమీటరు ఇరుకు మించిన చోక్‌లో వాడకూడదు. అంటే మాడిఫైడే పై హద్దు. స్టీల్ తూటాకు పరీక్షించిన గొట్టం మీద లిల్లీ పువ్వు ఆకారాన్ని పోలిన ఫ్లూర్ డి లీ ముద్ర ఉంటుంది. మీ ట్యూబు అంచున స్టీల్‌కు వద్దని చెక్కి ఉంటే ఆ మాటను కచ్చితంగా పాటించండి. పలుచటి గోడలున్న పాత తుపాకీలో స్టీల్ వేయాలనుకుంటే ముందు మరమ్మతుదారుకు చూపించాలి. బిస్మత్ స్టీల్ కంటే బరువైనది, మెత్తనిది, ఇలాంటి పాత గొట్టాలకు అదే కొంత క్షేమం.

కాగితం మీద పరీక్ష

చోక్ కొన్నాక ఈ పరీక్ష చేయకుండా వేటకు వెళ్లడం సరికాదని మా గట్టి అభిప్రాయం. నాలుగు అడుగుల చదరపు కాగితం కావాలి, నడుమ పిడికిలంత నల్లటి చుక్క పెట్టండి. వెనక సురక్షితమైన మట్టిగట్టు ఉండాలి. దూరం టేపుతోనే కొలవండి, అడుగులతో లెక్కపెడితే 40 గజాలు 36 అయిపోతాయి. మీరు వేటలో నిజంగా వాడబోయే తూటాతో, ఒక్కో ట్యూబుకు ఒక్కో కొత్త కాగితం మీద కనీసం ఐదుసార్లు పేల్చాలి. ఒక్క కాగితం చూసి తీర్పు చెప్పకండి, వరుస తూటాల మధ్య తేడాలు చాలా ఉంటాయి.

30 అంగుళాల వృత్తాన్ని మీరు గురిపెట్టిన చుక్క చుట్టూ కాదు, చిల్లులు ఎక్కడ చిక్కగా పడ్డాయో అక్కడ గీయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒక ట్యూబు చిల్లుల గుంపు చుక్కకు పక్కన పడుతోందంటే, శాతం మంచిగా ఉన్నా పిట్టకు తగలదు. ఐదు కాగితాలూ ఒకే వైపుకు నాలుగైదు అంగుళాలు జరిగాయంటే ట్యూబు సరిగా కూర్చోలేదన్నమాట, లేదా దాని రంధ్రం గొట్టానికి సూటిగా లేదు. దాన్ని తీసి, మరలు తుడిచి, మళ్లీ బిగించి ఇంకో ఐదు పేల్చండి. అప్పటికీ జరుగుతుంటే ఆ ట్యూబును తిరిగి ఇచ్చేయండి.

వృత్తంలో చిల్లులు లెక్కించి తూటాలోని మొత్తం పెల్లెట్లతో భాగిస్తే శాతం వస్తుంది. ఆపై 5 అంగుళాల అట్ట వృత్తం ఒకటి కత్తిరించి, కాగితం మీద జరుపుతూ రెండు కంటే తక్కువ చిల్లులున్న చోట్లను గుర్తుపెట్టండి. శాతం కంటే ఈ గుర్తులే ఎక్కువ చెబుతాయి. 60 శాతం వచ్చినా ఒక పక్క పెద్ద ఖాళీ ఉంటే ఆ తూటా ఆ ట్యూబుకు పొసగలేదు. తూటా కంపెనీ మార్చి చూడండి, ట్యూబును కాదు. 20 గజాల్లో కూడా రెండు కాగితాలు పేల్చండి. దగ్గరలో పిట్ట ఏమవుతుందో ముందే తెలుస్తుంది.

కొనేముందు కొలవాల్సినవి

సెట్‌లో పని ఎలా చేశారో తేల్చేది రెండు కొలతలు. ఒకటి, ట్యూబు మూతి వ్యాసం, దాన్ని గొట్టం అసలు వ్యాసంతో పోల్చాలి. గొట్టం 0.733 ఉండి ట్యూబు బయటి రంధ్రం 0.713 ఉంటే 20 థౌలు, అది సరైన మాడిఫైడ్. అదే ట్యూబు 0.725 గొట్టంలో 12 థౌలే ఇస్తుంది, పేరు మాడిఫైడ్, పని ఐసీ. కొన్ని కంపెనీలు గొట్టాన్ని వెడల్పుగా తొలుస్తాయి, 0.742 దాకా వెళ్లేవి ఉన్నాయి. వాటికి వాటి ట్యూబులే వాడాలి. బ్రౌనింగ్‌లో పాత ఇన్‌వెక్టర్ ట్యూబులు, ఇన్‌వెక్టర్ ప్లస్ గొట్టాలు ఒకదానికొకటి పొసగవు. మర మలుపులు కలిసినట్టు అనిపించినంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

రెండోది ఇంకా ముఖ్యం. ట్యూబు గొట్టంలోకి వెళ్లే లోపలి అంచు వ్యాసం గొట్టం వ్యాసం కంటే కొన్ని థౌలు ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంటే అంచు గొట్టంలోకి గట్టులా పొడుచుకొస్తుంది. పేలినప్పుడు వాడ్ దానికి తగిలి ట్యూబు చిరిగిపోతుంది, అరుదుగా మూతి చీలుతుంది. ఖాళీ చేసిన తుపాకీని విప్పి, గొట్టం వెనకనుంచి లైటు వేసి చూడండి. ట్యూబు మొదలయ్యే చోట చిన్న ఉంగరంలా లోపలికి గట్టు కనిపిస్తే ఒక్క తూటా కూడా పేల్చకండి.

బెరెటా వంటి ఇటలీ తయారీలో ట్యూబు ముందు అంచు మీద గంట్లు ఉంటాయి. ఒక గంటు ఫుల్, రెండు ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, మూడు మాడిఫైడ్, నాలుగు ఐసీ, ఐదు సిలిండర్. గంట్లు ఎక్కువైన కొద్దీ చోక్ వదులు. అన్ని కంపెనీలూ ఈ లెక్క పాటించవు కాబట్టి తుపాకీతో వచ్చిన కాగితం చూసుకోండి. మూతిని చూడాలంటే తుపాకీ ఖాళీ చేసి, తెరిచి ఉంచాకే చూడాలి.

విడిగా అమ్మే పొడవు ట్యూబులు

మూతికి బయట ఒక అంగుళం వరకు పొడుచుకొచ్చే ట్యూబులు మాకు నచ్చాయి, కారణం ప్యాటర్న్ కాదు. చేతితో తిప్పుకోవచ్చు, రెంచ్ అక్కర్లేదు. మూతి అంచు దెబ్బతినకుండా కాపాడతాయి, ఏ చోక్ బిగించామో బయటినుంచే చదువుకోవచ్చు. ప్యాటర్న్‌లో తేడా అందరికీ కనిపించదు. గొట్టం సైజుకు సరిగా తయారైన మామూలు ట్యూబు అంతే బాగా కొడుతుంది.

చిల్లులు తొలిచిన పోర్టెడ్ ట్యూబులు పిట్టల వేటకు మేము సిఫారసు చేయం. వెనక్కి తన్నే దెబ్బను తగ్గిస్తాయని అమ్ముతారు కానీ ట్యూబులో ఉన్న చిల్లులు తగ్గించేది చాలా తక్కువ. పక్కన నిలబడ్డవాళ్ల చెవులకు మోత పెరుగుతుంది, కుక్కకు ఇంకా ఎక్కువ. చిల్లుల్లో ప్లాస్టిక్, మసి పేరుకుంటే తీయడం కష్టం.

బిగింపు, శుభ్రత

ట్యూబు లేకుండా మర ఉన్న గొట్టాన్ని ఎప్పుడూ పేల్చవద్దు. మర మలుపులు దెబ్బతింటాయి, ఆపై ట్యూబు సరిగా కూర్చోకపోవచ్చు. బిగించేముందు రెండు మరలనూ గుడ్డతో తుడిచి, ట్యూబు మీద పలచగా గ్రీజు రాయాలి. వేలితో తిరగకపోతే బలవంతంగా తిప్పొద్దు, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. చివరిదాకా వేలితో తిప్పి, రెంచ్‌తో కాస్త బిగిస్తే చాలు. పాతిక తూటాలకోసారి తుపాకీ ఖాళీ చేసి వదులైందేమో చూడండి. అర మలుపు వదిలిన ట్యూబు వెనక మసి దూరుతుంది, ప్యాటర్న్ పక్కకు పోతుంది.

ప్లాస్టిక్ వాడ్ ట్యూబు లోపల సన్నటి పొర వదులుతుంది. ప్లాస్టిక్ కరిగించే సాల్వెంట్ పోసి, పావుగంట నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్దితే పోతుంది. తడిలో వేటాడి వచ్చిన రాత్రి ట్యూబు తీసి ఆరబెట్టాలి, లేకపోతే ట్యూబుకూ గొట్టానికీ మధ్య చేరిన నీరు తుప్పు పట్టిస్తుంది. ఇప్పటికే ఇరుక్కున్న ట్యూబుకు తుప్పు వదిలించే నూనె పోసి, మూతిని కిందికి పెట్టి రాత్రంతా వదిలేయండి. రెంచ్‌ను గంట్లలోకి పూర్తిగా కూర్చోబెట్టి నిదానంగా తిప్పాలి. గంట్లు చిరిగిపోయేదాకా పట్టుబట్టకుండా మరమ్మతుదారు దగ్గరికి తీసుకెళ్లడం మేలు.

స్థిరమైన చోక్ ఉన్న పాత తుపాకీ వాడేవాళ్లకు ఈ సెట్ అక్కరకు రాదు. ఫుల్ గొట్టాన్ని మాడిఫైడ్ చేయించవచ్చు, కానీ తీసేసిన లోహాన్ని తిరిగి అతికించలేం. కాబట్టి ఐదు థౌలకు ఒకసారి ఆపి, కాగితం మీద పేల్చి చూసి, తర్వాతి ఐదు తీయించండి.